తల్లి ఇచ్చిన గొంతు

ఉగాది ఇంకో వారం ఉందనగా మా అమ్మ మళ్ళీ పాడింది.

చలికాలమంతా ఆమె గొంతు గీసుకుపోయి, చివరికి నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాని స్థితికి వచ్చింది. మదనపల్లెలో గొంతు డాక్టరు నోట్లో అద్దం పెట్టి చూసి, లోపల పొక్కులాంటిది కనబడుతోందన్నాడు. కొన్నాళ్ళు మాట్లాడకుండా ఉండి మళ్ళీ రమ్మన్నాడు. అప్పటికీ అది అలాగే ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలన్నాడు. ఎలాగూ మాట్లాడకూడదు కాబట్టి అమ్మ ఆ మౌనాన్నే గంగమ్మకు మొక్కుగా పెట్టుకుంది. మండలం పాటు పసుపు చీర కట్టుకుని, ఒంటిపూట తిని, మాతో సైగలతోనే గడిపింది.

దీక్ష విడిచిన శుక్రవారం పొద్దున, పుంగనూరులో మా అద్దె ఇంటి దేవుడి గూటి ముందు కూర్చుని, వాళ్ళ అమ్మ దగ్గర పెద్దమండ్యంలో నేర్చుకున్న గంగమ్మ పాట ఎత్తుకుంది. మొదట పొడిపొడిగా వచ్చిన గొంతు రెండో చరణానికి తేరుకుంది. ఆర్టీసీలో కండక్టరైన మా నాయన డ్యూటీకి బయల్దేరబోతూ, ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నవాడు అలాగే నిలబడిపోయాడు. నేను వంటింటి గడప మీద కూర్చుండిపోయాను. మా అన్న దేవేంద్ర జేబులోంచి ఫోన్ తీసి, వీడియో తీశాడు. వాడి కళ్ళలో నీళ్ళు.

పాట అయ్యాక వాడు అమ్మ పక్కన చతికిలబడ్డాడు.

"అమ్మా, ఇది నలుగురికీ సెప్పాల. మనకొక్కరికే ఇచ్చిందా ఆ తల్లి?"

"సెప్పుకో నాయనా," అంది అమ్మ తన గొంతు తానే వింటూ. "మంచి మాట సెబితే తప్పేముండాది?"

అది 2008. అన్న డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరక్క మదనపల్లె బస్టాండు దగ్గర ఒక నెట్ సెంటర్లో పనిచేసేవాడు. నేను అక్కడే కాలేజీలో రెండో సంవత్సరం. అప్పట్లో పిల్లలందరికీ ఆర్కుట్ పిచ్చి. అమ్మాయిల ఫోటోల కోసం, పాత స్నేహితుల కోసం గంటలు గంటలు కూర్చునేవాళ్ళు. అన్న మాత్రం అక్కడ "తల్లి ఇచ్చిన గొంతు" అని ఒక కమ్యూనిటీ మొదలుపెట్టాడు. అమ్మ పాట పెట్టాడు. కింద, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తూ, జరిగిందంతా చెప్పాడు. డాక్టరు సందేహపడిన గొంతును గంగమ్మ మండలంలో తిరిగి ఇచ్చిందని రాశాడు. అందులో వాడు నమ్మనిది ఒక్కటీ లేదు. ఏటా బోయకొండ గంగమ్మ గుడికి చెప్పుల్లేకుండా నడిచిపోయే మనిషి వాడు.

రెండు వారాలకే ఆ కమ్యూనిటీలోకి జనం వచ్చారు. బెంగుళూరు నుంచి, చెన్నై నుంచి, గల్ఫ్ నుంచి. అన్న వాళ్ళ మాటలు గుర్తుపెట్టుకుని ఇంటికొచ్చి చెప్పేవాడు. అమ్మ నమ్మేది కాదు. ఒక మధ్యాహ్నం ఆమెను మదనపల్లెకు తీసుకొచ్చి నెట్ సెంటర్లో కూర్చోబెట్టాడు. కాలేజీ అయిపోయి నేనూ వెళ్ళాను. ప్లైవుడ్ అరలో, పరదా వెనక, అమ్మ చెప్పులు బయటే విడిచి వచ్చి తెర ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఈయమ్మ పేరు రెడ్డెమ్మ," అన్న చదివి వినిపించాడు. "కువైట్లో ఒకరింట్లో పని జేస్తాండాదంట. 'పని అయినాక నీ పాట ఇంటాండా అక్కా. మా ఊరు కండ్ల ముందర కనబడతాది. మా పెద్దోనికి జ్వరం వచ్చి తగ్గడం లేదంట, గంగమ్మకు సెప్పు' అని రాసింది."

"నా పాట ఆడికి ఎట్ల పోయింది రా?"

"పోతాది మా. యాడికైనా పోతాది."

అమ్మ తెర మీద ఆ పేరున్న చోట వేలు పెట్టింది. చదువు రాకపోయినా ఆ అక్షరాల ఆకారం గుర్తుపెట్టుకోవాలన్నట్టు చాలాసేపు చూసింది. "ఆ పిల్లోని పేరేందో అడుగు," అంది.

ఆ తర్వాతి శుక్రవారం పూజలో మా పేర్లతో పాటు కువైట్ రెడ్డెమ్మ కొడుకు పేరు కూడా చెప్పింది. వారం వారం పేర్లు పెరిగాయి. ఎవరికి సంతానం కావాలో, ఎవరికి వీసా రావాలో, ఎవరి భర్త తాగుడు మానాలో అన్నీ ఆమెకు నోటికి వచ్చేవి. ఇరవై ఐదేళ్ళుగా ఆ ఇంట్లో ఆమెను అన్నం ఏదని, చొక్కా ఎక్కడని అడిగారే తప్ప ఇంకేమీ అడిగినవాళ్ళు లేరు. ఇప్పుడు ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఆమె పాట అడుగుతున్నారు. ఆ ఎండాకాలం మొదట్లో మా అమ్మ ఎంత అందంగా ఉందో ఇప్పటికీ నా కళ్ళలో ఉంది.

ఒకరోజు అన్నం తింటూ నాయన అడిగాడు. "ఆ డాక్టరు మల్లా రమ్మనె కదా. ఎప్పుడు పోదాం కమలా?"

"నయమయిపోయినాక ఇంగెందుకబ్బా? అమ్మోరు ఇచ్చిందని ఊర్లో, లోకంలో అందరికీ సెప్పుకుంటిమి. మల్లా పోయి డాక్టరు ముందర నోరు తెరిస్తే ఏమనుకుంటుంది ఆ తల్లి?"

"ఆయమ్మ ఏమనుకోదులే. ఒకసారి చూపించుకుంటే పోయేదేముండాది?"

"ఊరుకో నాయనా," అన్న మధ్యలో అందుకున్నాడు. "అపనమ్మకం మాటలు మాట్లాడద్దు."

నాయన రోజంతా బస్సులో అరిచి అరిచి ఇంట్లో తక్కువ మాట్లాడే మనిషి. మజ్జిగ పోసుకుని తిని లేచాడు.

మే నెల ఎండల్లో కుప్పం నుంచి ముగ్గురు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. గౌరమ్మ అనే పెద్దావిడ, ఆమె కొడుకు కృష్ణప్ప, కృష్ణప్ప కూతురు మంజుల. కృష్ణప్ప గ్రానైటు ఫ్యాక్టరీలో పాలిష్ పని చేస్తాడు. అక్కడి ఆఫీసులో ఎవరో కంప్యూటర్లో అమ్మ పాట చూపించారట. పాపకు నాలుగేళ్ళు. మాట రాదు. రెండు జడలు, జడలకు కనకాంబరాలు, మనుషుల మొహాల్లోకి సూటిగా చూసే పెద్ద పెద్ద కళ్ళు.

గౌరమ్మ మామిడిపండ్ల సంచి అమ్మ కాళ్ళ దగ్గర పెట్టింది. "పోగొట్టుకున్న గొంతే నీకు మల్లా ఇచ్చింది ఆ తల్లి. ఈ బిడ్డకు అసలు ఇయ్యనే లేదు. నువ్వు ఒక్క పాట పాడి అడుగమ్మా. నువ్వడిగితే ఇస్తాది."

అమ్మ గాభరాపడింది. "నేనెంతదాన్ని గౌరమ్మా. అట్లనకు." కానీ పాపను చూసి కాదనలేకపోయింది. ఒళ్ళోకి తీసుకుని పాట మొదలుపెట్టింది.

అప్పటికే ఆమె గొంతులో మళ్ళీ జీర. ఎండలకు అనుకున్నాం. పాప మొదట అమ్మ పెదాల వైపు చూసింది. తర్వాత చెయ్యి చాపి అమ్మ గొంతు మీద అరచెయ్యి ఆనించింది. అరచేతికి ఏదో తగిలినట్టుంది, మొహమంతా విప్పారి, నోరు తెరిచి "ఆ" అని గట్టిగా ఒక శబ్దం చేసింది. నవ్వింది. మళ్ళీ "ఆ" అంది.

గౌరమ్మ అక్కడికక్కడే సాష్టాంగపడింది. కృష్ణప్ప గోడకు ఆనుకుని మొహం కండువాలో దాచుకున్నాడు. నాకూ ఒళ్ళు పులకరించింది. ఆ రోజు ఆ గదిలో ఉన్న ఎవరికైనా అలాగే ఉండేది. అన్న ఫోటో తీశాడు. అమ్మ ఒళ్ళో పాప, గొంతు మీద చిన్న చెయ్యి, ఇద్దరి మొహాల్లోనూ నవ్వు. సాయంత్రానికి అది కమ్యూనిటీలో ఉంది. కింద వాడు రాసింది ఒకే వాక్యం: పుట్టినప్పటి నుంచి మాట్లాడని బిడ్డ తల్లి పాట విని పలికింది.

ఆ ఫోటో ఎక్కడెక్కడికో పోయింది. వందల్లో ఉన్నవాళ్ళు వేలయ్యారు. నెట్ సెంటర్ ఓనరు అన్నకు ఒక కంప్యూటరు విడిగా ఇచ్చేశాడు. పాటలు పంపమని అడిగేవాళ్ళకు అంతు లేదు. ఎవరి కష్టం వాళ్ళు చెప్పుకుని, తమ పేరుతో ఒక్క పాట పాడించమని బతిమాలేవాళ్ళు. అమ్మ ఎవరినీ కాదనలేదు. పొద్దున లేవగానే గొంతు కొంచెం తేటగా ఉండేది కాబట్టి, స్నానం చేసి మిరియాల కషాయం తాగి అప్పుడే పాడేది. ఎండెక్కేసరికి మాట బొంగురుపోయేది. పగలంతా సైగలతో పని నడుపుకునేది. దాచిపెడుతోందని మాకు తోచలేదు. పాటకోసం గొంతు కాపాడుకుంటోంది అనుకున్నాం.

ఒక పొద్దున పాట మధ్యలో గొంతు పట్టేసింది. అమ్మ దగ్గి, తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. తిరిగొచ్చాక అన్న ఫోన్ పక్కన పెట్టేశాడు.

"ఈ పొద్దు వద్దులే మా. రేపు పాడుదువు."

"రేపటికి ఇంకెట్లుంటాదో. ఆ కుప్పం పాప కోసం శుక్రవారం తప్పకుండా పాడతానని మాటిచ్చినా. పట్టుకో," అని మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది.

జూన్‌లో కాలేజీ సెలవులు. మొదటి వాన పడిన మరుసటి రోజు అనుకుంటాను, గౌరమ్మ మా అన్న ఫోనుకు చేసింది. అన్న స్పీకరు పెట్టి అమ్మ చేతికిచ్చాడు. నేను పక్కన కూర్చుని చెనక్కాయలు ఒలుస్తున్నాను.

"బాగుండావా తల్లీ? మా పాప ఇప్పుడు రోజూ 'ఆ' అంటాండాది. ఇంగ మాట వచ్చేస్తాది. బెంగుళూరులో చెవికి మిషను ఇచ్చినారు కదా, అది తీసేసినాము. నెల నెలా రమ్మన్నారు, మాట నేర్పిస్తామన్నారు. రామని సెప్పేసినాము. నీకిచ్చిన తల్లి మా బిడ్డకు ఇయ్యదా? ఒక పక్క మొక్కుకొని ఇంకో పక్క డాక్టర్ల సుట్టూ తిరిగితే ఆయమ్మకు కోపం రాదా?"

అమ్మకు ఆ మిషను సంగతి తెలియదు. మా ఇంటికి వచ్చినప్పుడు వాళ్ళు చెప్పలేదు.

"ఎప్పుడు తీసినారు?" అంది. గొంతు పూర్తిగా రాలేదు.

"ఏందమ్మా?"

"మిషను తియ్యద్దు. పెట్టండి గౌరమ్మా. డాక్టరు కాడికి పోండి."

"ఇనపల్లేదు తల్లీ. ఏందో దీవిస్తాండావు, అంతే సాలు. నీ దీవెనుంటే సాలు," అని గౌరమ్మ ఫోన్ పెట్టేసింది.

అమ్మ ఫోన్‌ను అన్నకు ఇచ్చింది. పెదాలు కదిలించి, చేత్తో చెవి చూపించి, వాళ్ళకు చెప్పమంది. "సెప్తాలే మా," అన్నాడు అన్న. అమ్మ లేచి మొహం కడుక్కుంది. నాయన డ్యూటీ దిగి వచ్చేదాకా వసారాలో కూర్చుంది. ఆయన చెప్పులు విడుస్తుండగానే, "ఆ డాక్టరు కాడికి పోదాం," అంది.

మదనపల్లె డాక్టరు చూసి వెంటనే వేలూరుకు రాసిచ్చాడు. వేలూరు పెద్దాసుపత్రిలో ముక్క తీసి పరీక్ష చేశారు. క్యాన్సరు. పాకిపోయింది, గొంతులో స్వరపేటిక మొత్తం తీసెయ్యాలన్నారు. మెడకు రంధ్రం పెడతారు, ఊపిరి దాంట్లోంచే. ప్రాణానికి భయం లేదు, మాట ఉండదు. నాయన ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. ముందే వచ్చి ఉంటే? ఆ డాక్టరమ్మ నొచ్చుకుంటూనే నిజం చెప్పింది. ఎండాకాలానికి ముందు వచ్చి ఉంటే కరెంటు పెట్టి, అదే రేడియేషన్‌తో, తగ్గించే వీలుండేది, గొంతు మిగిలేదని.

ఆ మాట అమ్మకు ఎవరూ విడిగా చెప్పాల్సిన పని లేకపోయింది. ఆమె పక్కనే కూర్చుని ఉంది, వింది.

వార్డులో చేర్చిన రోజు అమ్మ అన్నను దగ్గరకు పిలిచింది. గాలి ఎక్కువ, మాట తక్కువగా వస్తున్న గొంతుతో చెప్పింది. "దేవేంద్రా, ఇది గూడా రాయి. గొంతు నయం కాలేదు, ఆసుపత్రికి వచ్చినామని రాయి. ఆ కుప్పమోళ్ళు సదవాల."

అన్న తలూపాడు. వరండాలోకి వచ్చాక నాతో అన్నాడు, "ఎట్ల రాసేది సుప్రియా? అన్ని వేల మంది ఉండారు. అమ్మను అబద్ధాలకోరు అంటారు. అమ్మనంటే పడతా, అమ్మోరినంటే?"

"అమ్మే కదా రాయమంటాండాది."

"అమ్మకేం తెలుసు ఆడ ఎట్లాంటోళ్ళు ఉంటారో."

"గౌరమ్మకు ఫోన్ చేసినావా?"

"చేస్తాలే," అన్నాడు నావైపు చూడకుండా.

ఆపరేషన్‌కు ముందు సాయంత్రం అమ్మ మా ముగ్గురితో మాట్లాడింది. మేమేవో పెద్ద మాటల కోసం ఎదురుచూస్తున్నాం. ఆమె మాత్రం నాయనకు బి.పి. మాత్రలు ఎక్కడ పెట్టిందో చెప్పింది. ఉద్దిపప్పు పురుగు పట్టకముందే ఎండకు పొయ్యమని నాకు చెప్పింది. చివరికి అన్న చెయ్యి పట్టుకుంది.

"రాసినావా?"

"రాసినా మా," అన్నాడు అన్న.

ఆమె కళ్ళు మూసుకుంది. నెమ్మదించినట్టే కనబడింది. గొంతుతో ఆమె అడిగిన ఆఖరి మాట అదే.

ఆగస్టులో కాలేజీకి పోయాను. క్లాసులో ఉషారాణి అనే అమ్మాయి నా పక్కకు జరిగి, "మీయమ్మ మల్లా మౌనదీక్ష పట్టినారంట కదా, ఈసారి లోకం కోసమంట. ఆర్కుట్లో చూసినా. ఎంత గొప్ప మనిషే," అంది. సాయంత్రం నెట్ సెంటర్‌కు వెళ్ళి చూశాను. అన్న రాసింది అదే. అమ్మ మళ్ళీ మౌనం పట్టింది, పాటలు కొన్నాళ్ళు ఉండవు, అందరూ ప్రార్థించండి. కింద వేల దండాలు. గౌరమ్మ తరఫున కృష్ణప్ప రాయించినట్టున్నాడు, "మా పాప కోసం ఎంత కష్టపడుతున్నావు తల్లీ" అని ఒక మాట.

అన్న నా వెనక నిలబడి ఉన్నాడు. నేను తిట్టడానికి తిరిగాను. "రాద్దామనే కూర్చుంటి," అన్నాడు. "మూడు నాలుగు తూర్లు కూర్చుంటి. నా చేత గాలేదు."

నేను ఇంట్లో చెప్పలేదు. అది ఎక్కువ రోజులు దాగలేదు కూడా. అమ్మ కాస్త కోలుకుని ఇంట్లో తిరగడం మొదలుపెట్టగానే పెదాలతో ఒకే మాట అనేది. కుప్పం. మొదట మాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నాయన వద్దన్నాడు, బస్సులో దుమ్ము, మెడ పచ్చిగా ఉంది అన్నాడు. ఆమె వినలేదు. మెడ చుట్టూ తెల్ల గుడ్డ కట్టుకుని, పైన కొంగు కప్పుకుని గుమ్మంలో నిలబడింది. అన్నను కూడా రమ్మని చెయ్యి ఊపింది.

అమ్మ, అన్న, నేను పలమనేరులో బస్సు మారాం. దారంతా అమ్మ కిటికీ తీయనివ్వలేదు. అన్న ముందు సీట్లో తల వంచుకుని కూర్చున్నాడు.

గౌరమ్మ వాళ్ళది రైలు పట్టాల అవతల రేకుల ఇల్లు. మమ్మల్ని చూసి ఆమె వీధిలోకి పరిగెత్తుకొచ్చింది. "మౌనంలో ఉండి గూడా మా కోసం వచ్చినావా తల్లీ!" అంటూ కాళ్ళకు దండం పెట్టబోతే అమ్మ వెనక్కి జరిగింది. లోపల చాప వేశారు. కృష్ణప్ప పనికి పోలేదు ఆ రోజు. మంజుల అమ్మను చూసి నవ్వుతూ ఒళ్ళోకి ఎక్కబోయింది. అమ్మ పాపను నా పక్కన కూర్చోబెట్టి, కొంగు తీసి, మెడ గుడ్డ ముడి విప్పింది.

రంధ్రం. దాంట్లోంచి ఊపిరి వస్తూ పోతూ ఉన్న చప్పుడు.

గౌరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అమ్మ అన్న వైపు చూసింది. వాడికి అర్థమైంది, ఆమె తరఫున మాట్లాడాల్సింది తనే.

"ఇది దీక్ష కాదవ్వా," అన్నాడు. "అమ్మకు క్యాన్సరు. చలికాలంలో వచ్చింది అదే. అప్పుడు నయం కాలేదు, మౌనంగా ఉన్నందుకు కొంచెం తేరుకుంది, అంతే. మేము డాక్టరు కాడికి పోకుండా పాటలు పాడిస్తిమి. గొంతు తీసేసినారు."

"దీక్ష అని నువ్వే గదప్పా రాసినావు?" కృష్ణప్ప అడిగాడు.

"నేనే రాసినా. అమ్మ నిజం రాయమనింది. రాసినానని అమ్మకు అబద్ధం సెప్పినా. పాప మిషను పెట్టండని మీకు సెప్పమంది, అదీ సెప్పలేదు."

అంతవరకూ అమ్మకు ఆ సంగతి తెలియదు. చాప అంచు సరిచేస్తున్న ఆమె చెయ్యి ఆగింది. అన్న వైపు తిరగలేదు. కాసేపటికి ఆ చెయ్యి మళ్ళీ కదిలి, మంజుల చెవిని తాకి, గౌరమ్మ వైపు చూపించింది. పెట్టండి. పెదాలు కదిలాయి. పెట్టండి.

గౌరమ్మకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. "మేము నమ్మింది ఆ తల్లిని. నడమల నువ్వెవరప్పా?" అంది అన్నతో. "నా మనవరాలి నోరు గదా ఇది. ఆటలా నీకు?" అన్న చేతులు జోడించాడు.

అప్పుడు వంటింటి వైపు నుంచి కృష్ణప్ప భార్య మునిలక్ష్మి వచ్చింది. మా ఇంటికి ఆమె రాలేదు, అదే మొదటిసారి చూడటం. చేతిలో చిన్న స్టీలు డబ్బా. మూత తీసి మిషనును చాప మీద పెట్టింది.

"మీరు బయటికి పోయినప్పుడు పెడతాంటి అత్తా," అంది తల ఎత్తకుండా. "గిన్నె కింద పడితే తిరిగి సూస్తాండె. నెలన్నర ముందర బ్యాటరీ అయిపోయింది. తెమ్మని అడగలేకపోతిని."

గౌరమ్మ కోడలి వైపు చూసింది. కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది. కృష్ణప్ప లేచి చెప్పులేసుకున్నాడు. "యాడ దొరుకుతాది ఈ బ్యాటరీ?" అని భార్యను అడిగి, ఆమె చెప్పేలోపే వీధిలోకి నడిచాడు.

ఆ రాత్రికి ఇల్లు చేరాం. మరుసటి రోజు అన్న జరిగిందంతా కమ్యూనిటీలో రాశాడు, తన అబద్ధంతో సహా. కొందరు బూతులు రాశారు. కొందరు దీక్షలో ఏదో లోపం జరిగి ఉంటుందని, ముట్టు అంటు చూసుకున్నారా అని అడిగారు. చాలామంది ఏమీ రాయకుండా వెళ్ళిపోయారు. కువైట్ రెడ్డెమ్మ మాత్రం, "పాట లేకపోయినా ఏమాయె, అక్క అన్నం తింటాండాదా?" అని రాసింది. అన్న ఆ మాట అమ్మకు చదివి వినిపించి, ఆ తర్వాత కమ్యూనిటీ మూసేశాడు. నెట్ సెంటర్ పని కూడా మానేసి ఒక మందుల షాపులో చేరాడు. గుడికి ఇప్పటికీ పోతాడు. ఎవరికీ చెప్పడు, ఎవరినీ వెంట రమ్మనడు.

అమ్మ గంగమ్మను ఎప్పుడూ తప్పుపట్టలేదు. పూజలో ఎప్పటిలాగే కూర్చుంటుంది. అన్నతోనూ మామూలుగానే ఉంటుంది. వడ్డిస్తుంది, ఆలస్యమైతే గుమ్మంలో నిలబడుతుంది. కానీ వాడు ఏదైనా చెప్పినప్పుడు, చిన్న విషయమైనా, బస్సు వచ్చిందనో వాన వస్తోందనో, ఒక్కసారి నా వైపు చూస్తుంది. నిజమేనా అన్నట్టు. అది ఆమెకు తెలిసి చేస్తున్నది కాదు. అన్నకు మాత్రం తెలుసు.

మంజులను బెంగుళూరుకు మళ్ళీ తీసుకెళ్ళారు. ఆ వయసులో పోయిన నెలలు చిన్నవి కావని అక్కడివాళ్ళు కోప్పడ్డారట. అయినా నేర్పారు. రెండేళ్ళ తర్వాత ఒక ఆదివారం గౌరమ్మ ఫోన్ చేసింది. మా మీద కోపం తగ్గాక ఆమె అప్పుడప్పుడు చేసేది.

"మా పాప 'అవ్వా' అంటాండాదమ్మా. మీయమ్మకిస్తే ఇనిపిస్తా."

నేను ఫోన్ అమ్మ చెవి దగ్గర పెట్టాను. అవతల ఒక మొద్దు గొంతు, కష్టపడి కూడదీసుకుని, "అవ్... వా" అంది. అమ్మ రెండు చేతులతో ఫోన్ పట్టుకుంది. పెదాలు ఆగకుండా కదులుతున్నాయి. ఏం చెబుతోందో నాకు కూడా పూర్తిగా అందలేదు. అవతలి నుంచి వింటే ఏమీ లేదు, వట్టి గాలి.

"ఇనిపిస్తాండాదా?" గౌరమ్మ గొంతు వచ్చింది. "ఎవురూ పలకరేమి? ఉండారా? లైన్లో ఉండారా?"

అమ్మ ఇంకా మాట్లాడుతూనే ఉంది. అన్న గది అవతలి నుంచి లేచి వచ్చి, అమ్మ చేతుల్లోంచి ఫోన్ తీసుకోకుండా, వంగి దానికి నోరు దగ్గర పెట్టాడు.

"ఉండాదవ్వా," అన్నాడు. "వింటాండాది. ఏడుస్తాండాది."